చేతికర్ర ఇస్తారు, గోడకు కమ్మీ ఇవ్వరు

మా రోజుల్లో తమిళనాడులోని మా సింగానల్లూరులో తానాల గది అంటే దొడ్లో మూడు పక్కల గోడ, మీద ఆకాశం, కింద ఉలిదెబ్బలు కనబడే గరుకుబండ. పక్కనే పొయ్యి మీద అండాలో నీళ్ళు కాగుతుండేవి. ఆ బండ మీద ఎన్ని నీళ్ళు పడ్డా పాదం నిలిచేది. మా అవ్వకు చూపు మందగించాక మా నాయన వంటింటి వాకిలి నుంచి ఆ గోడదాకా నడుమెత్తున ఒక వెదురు కట్టాడు. అవ్వ దాన్ని పట్టుకొని ఎవరి సాయమూ లేకుండా వెళ్ళొచ్చేది. ఒక పూట పని. ఏ ఆఫీసుకూ అర్జీ పెట్టలేదు.

ఇప్పుడు తానాల గది పడకగదిలోకే వచ్చింది. మొహం కనబడే టైల్సు, రెండడుగుల తలుపు, నాలుగంగుళాల గడప. సబ్బునీళ్ళు పడితే పడుచువాళ్ళకే కాలు నిలవదు. ఎనబై దాటిన మా అక్క జారిపడింది, తుంటి విరిగింది. ఆపరేషనయ్యాక ఇంటికి పంపుతూ డాక్టరు చెప్పాడు: కుర్చీ మాదిరి కమోడు పెట్టించండి, గోడకు కమ్మీలు బిగించండి, గరుకు టైల్సు వేయించండి అని. సరే, డబ్బెక్కడిది?

1932లో పైకారా జలవిద్యుత్ కేంద్రం నుంచి కరెంటు వచ్చాక ఈ చుట్టుపక్కల మిల్లులు పెరిగాయి. ఆ మిల్లుల సంగు కూతకు లేచి, సంగు కూతకు ఇల్లు చేరిన బతుకులు మావి. ఉద్యోగంలో ఉండగా ఇంటి రిపేరుకు పి.ఎఫ్. నుంచి అడ్వాన్సు తీసుకోగలిగాం. రిటైరయ్యాక ఆ దారి మూసుకుపోయింది. 2014లో పి.ఎఫ్. పింఛను కనీసం 1,000 రూపాయలన్నారు. తమిళనాడు ప్రభుత్వం వృద్ధుల పింఛనును 2023లో 1,200 చేసింది. అందులో బియ్యం కొనాలా, కమ్మీ కొనాలా?

స్కీములు లేక కాదు. గ్రామాల్లో మరుగుదొడ్డి కట్టుకుంటే స్వచ్ఛ భారత్ కింద 12,000 ఇస్తారు, కానీ అది లేనివాళ్ళకు. ‘ఉన్నదాన్ని మార్చుకోను ఏమీ లేదయ్యా’ అని ఒక ఆఫీసులో కుర్రాడు తమిళంలో మర్యాదగానే చెప్పి పంపించాడు. 2007లో రివర్స్ మార్టగేజి తెచ్చారు. అరవై దాటినవాళ్ళు సొంతిల్లు బ్యాంకులో పెట్టి నెలనెలా డబ్బు తీసుకోవచ్చు, రిపేర్లూ చేయించుకోవచ్చు. దానికి ఇల్లు స్వార్జితమై ఉండాలి. మా వీధిలో సగం ఇళ్ళ పట్టాలు తాతల పేర్న ఉన్నాయి, భాగాలే తేలలేదు.

2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే రాష్ట్రీయ వయోశ్రీ యోజన మొదలుపెట్టారు. అరవై దాటిన పేదలకు చేతికర్ర, వాకరు, వినికిడి మిషను, కళ్ళద్దాలు, చక్రాల కుర్చీ ఉచితం. తర్వాత కమోడు కుర్చీని కూడా చేర్చారు. చాలా మంచి పని, కాదనను. కానీ చక్రాల కుర్చీ మా రెండడుగుల తలుపులో పట్టదు, గడప దాటదు. తలుపు వెడల్పు చేసే మేస్త్రీ కూలీ ఆ జాబితాలో లేదు.

జపానులో 2000లో ముసలివాళ్ళ సంరక్షణకు బీమా పెట్టారు. గోడకు కమ్మీ, గడప తీసేయడం, జారని నేల, కమోడు మార్చడం అన్నీ పేరుపేరునా అందులో ఉన్నాయి. 2 లక్షల యెన్ల పనిదాకా ఒప్పుకుంటారు, అందులో మామూలుగా పదోవంతు ఇంటివాళ్ళు కట్టుకుంటే చాలు. ఇంగ్లండులో వికలాంగుల ఇళ్ళ మార్పులకు 30,000 పౌండ్లదాకా గ్రాంటు ఉంది. అంత మనకు వద్దు. అందులో నూరోవంతు చాలు.

మా రోజులన్నీ బంగారమని నేననను. ఆడవాళ్ళు చీకటి పడేదాకా ఓర్చుకొని చెరువుగట్టుకు పోయేవాళ్ళు. కక్కసులు ఎత్తే పని మన తెలుగే మాట్లాడే అరుంధతీయుల నెత్తిన వేశారు. దాన్ని నిషేధిస్తూ 1993లో ఒకటి, 2013లో ఒకటి చట్టాలు వచ్చాయి, రావలసిందే. గది ఇంట్లోకి రావడం మంచిదే. దాన్ని ముసలివాళ్ళూ వాడతారన్న ఆలోచన లేకుండా కట్టడమే నా బాధ.

మా మేనల్లుడే చివరికి కమ్మీ బిగించాడు. అక్కను కమోడు మీద కూర్చోబెట్టి, లేవబోతే చెయ్యి ఎక్కడికి చాస్తుందో చూసి సుద్దతో గీత గీశాడు. బోల్టు టైలులో ఆగకుండా ఇటుకలోకి దిగేదాకా డ్రిల్లు వేశాడు. ఖర్చు నలుగురం పంచుకున్నాం. నలుగురు లేని ఇంటి సంగతేమిటి?

అందుకే అడుగుతున్నా. వయోశ్రీ జాబితాలో కమోడు కుర్చీ పక్కనే కమ్మీ, గరుకు టైల్సు, మేస్త్రీ కూలీ చేర్చండి. పెద్ద డాక్టరు సర్టిఫికెట్లు వద్దు, వయసు చూపే రేషను కార్డు చాలు. ఓట్లకు మా వీధిలోకి వచ్చే ప్రతివాళ్ళనూ ఇదే అడుగుతాను, మీరూ అడగండి. ముసలివాళ్ళు పడ్డాక పలకరించడానికి అందరూ వస్తారు. పడకముందు ఒక మేస్త్రీని పంపే ప్రభుత్వం మాకు కావాలి.