ఎండ వార్త

మే నెలలో ఎండ కాస్తుందన్న సంగతిని రోజూ కొత్తగా కనిపెట్టి, సాయంత్రం అయిదింటికల్లా డెస్కులో ఇవ్వాలి. పత్రికలో నా వేసవి ఇంటర్న్‌షిప్ మొత్తం ఇదే. కుక్క మనిషిని కరిస్తే వార్త కాదు, మనిషి కుక్కను కరిస్తేనే వార్త అని క్లాసులో నోట్సు చెప్పారు. ఆ లెక్కన హైదరాబాద్‌లో మే నెలలో మంచు పడితే వార్త. అది ఎటూ పడదు కాబట్టి నన్ను ఎండలోకి తోలారు.

"ఏమ్మా, ఇవాళ ఎండ ఎట్లుంది?" అని ఇన్‌చార్జి సారు రోజూ అడుగుతారు. అడిగేది ఏసీ కింద కూర్చుని. ఆ ఏసీ ఎంత గట్టిదంటే, సబ్‌ఎడిటర్ మేడమ్ శాలువా కప్పుకుని, చేతులు రుద్దుకుంటూ 'నిప్పులు చెరిగిన భానుడు' అని టైపు చేస్తారు. నిన్న 'భగ్గుమన్న భానుడు' అయిపోయింది కనుక ఇవాళ నిప్పులు చెరగాలి, రేపు ప్రతాపం చూపాలి. వాడిన హెడ్డింగ్ మళ్లీ వెంటనే వాడకూడదట. ఈ నియమం ఎండకు ఎవరూ చెప్పలేదు, అది నిన్నటిలాగే కాస్తుంది.

అంకెలదీ ఇదే గోల. బేగంపేట వాతావరణ కేంద్రం ఒక లెక్క చెబుతుంది. రాష్ట్ర ప్రణాళికా విభాగం వాళ్లు మండలాల్లో పెట్టిన ఆటోమేటిక్ కేంద్రాలు ఇంకో లెక్క పంపుతాయి. నేను రెండూ రాసి, ఏది ఎక్కడిదో వివరంగా చెప్పి ఇస్తాను. పెద్ద అంకె మొదటి పేజీకి వెళ్తుంది. చిన్నది చెత్తబుట్టకి, వివరం దాని వెనకాలే.

ఇక ఫొటో. చున్నీ చుట్టుకున్న అమ్మాయి, కర్బూజ బండి, ఖాళీ ఫ్లైఓవర్: ఎండను ఫొటో తీయడానికి ఈ మూడే దారులు. ఒకరోజు ట్యాంక్‌బండ్ మీద ఎంతసేపు నిలబడ్డా చున్నీ అమ్మాయి దొరకలేదు. మధ్యాహ్నం రెండింటికి బుద్ధున్నవాళ్లెవరు బయటికొస్తారు? "చెల్లె, నువ్వే జర మొహానికి చున్నీ కట్టుకుని అట్ల నడువు," అన్నాడు ఫొటోగ్రాఫర్ అన్న. మర్నాడు మూడు కాలమ్‌లలో పడింది: 'ఎండ వేడిమికి అల్లాడుతున్న యువతి.' ఈ వేసవిలో నేను పేపర్లో పడింది అదొక్కటే. పేరు లేదు, మొహమూ లేదు. చున్నీ చూసి అమ్మ గుర్తుపట్టి, కటింగ్ తీసి దాచింది.

నిజానికి నా పేరుతో రావలసిన ఐటమ్ ఒకటుంది, స్టీవెన్సన్ పెట్టె మీద. డెస్కు మొత్తం కొట్టేసింది కనుక ఇక్కడ పెడుతున్నాను, మీకు ఇష్టం ఉన్నా లేకపోయినా. ఎండ ఎంతుందో కొలిచే థర్మామీటర్‌కు ఎండ తగలకూడదు. అందుకని దాన్ని ఒక చెక్కపెట్టెలో దాస్తారు. నాలుగు కాళ్ల మీద, మనిషి ఛాతీ ఎత్తున ఉంటుంది. తెల్ల పెయింటు, గాలి ఆడేట్టు చుట్టూ వాలు చెక్కలు, కింద గచ్చు లేని పచ్చిక, తలుపు ఉత్తరం వైపు. మా నాన్న పదేళ్లుగా వెతుకుతున్న ఇల్లు అచ్చం ఇదే. వాస్తు కుదిరింది, వెలుతురుంది, పడమటి ఎండ లేదు. నేనుండే హాస్టల్ గదికి పడమటి గోడ ఒక్కటే ఉంది, మిగతావి పేరుకే. కాళ్లు ముడుచుకుని పడుకోవాలి కానీ, ఆ పెట్టెను అద్దెకిస్తే రెండు నెలల అడ్వాన్సు ఇప్పుడే కట్టేస్తాను.

దాన్ని తయారుచేసిన థామస్ స్టీవెన్సన్ స్కాట్లండ్‌లో దీపస్తంభాలు కట్టే ఇంజినీరు. కొడుకును కూడా ఇంజినీరునే చేద్దామనుకున్నాడు. ఆ కొడుకు ఇంజినీరింగ్ వదిలేసి, లా చదివి, అదీ వదిలేసి 'ట్రెజర్ ఐలాండ్' రాశాడు. నేను బీటెక్ వదిలి జర్నలిజంలో చేరినప్పుడు మా నాన్న వేసిన కేకలకు స్కాట్లండ్‌లో ఇంత పాత పూర్వరంగం ఉందని నాకు అప్పుడు తెలిసి ఉంటే బాగుండేది. తండ్రి పేరు పెట్టెకు మిగిలింది, కొడుకు పేరు పుస్తకానికి మిగిలింది. ఒకే ఇంట్లో రెండు బైలైన్లు!

"ఆయన మన ఎడిషన్ పరిధిలోకి రాడమ్మా," అన్నారు ఇన్‌చార్జి సారు. నేనూ తగ్గలేదు. ఆ నవలను 'కాంచన ద్వీపం' పేరుతో తెలుగు చేసిన నండూరి రామమోహనరావు గారు స్వయంగా దినపత్రిక సంపాదకులు కదా సార్, అన్నాను. సారు కాసేపు ఆలోచించారు. "అయితే విజయవాడ ఎడిషన్‌కు పంపు," అన్నారు. నా ఐటమ్ రావలసిన చోట సగం పేజీ ఏసీల ప్రకటన వచ్చింది.

ఆ పెట్టె మీద నా మోజు తీరింది ఉప్పల్ దగ్గర. రోడ్డు పనిలో కంకర మోస్తున్న ఒకామెను "ఎండ ఎట్లుందమ్మా?" అని అడిగాను, నోట్‌బుక్ తెరిచి. "ఎట్లుంటది బిడ్డా, ఎండలెక్కనే ఉంది," అంది, తట్ట దించకుండానే. ఆ రోజు 43 డిగ్రీలు. అంటే నీడలో, గాలి ఆడే పెట్టెలో 43. ఆమె నిలబడ్డ తారు మీద ఎంతో ఏ కేంద్రమూ పంపదు. మైదానాల్లో 40 దాటి, మామూలు కంటే 4.5 డిగ్రీలు పెరిగితే వడగాలి అంటారు. ఆ లెక్కా నీడదే. వడదెబ్బతో పోతే 4 లక్షలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2025లో చెప్పింది, కానీ పోయింది వడదెబ్బతోనే అని అధికారులు తేల్చాలి. ఎండ సాక్ష్యం చెప్పడానికి రాదు.

ఆమె మీద విడిగా రాస్తానన్నాను. సారు వద్దనలేదు, వెంటనే ఊ అనలేదు కూడా. 2015లో ఆయన జిల్లా డెస్కులో ఉండేవారట. ఆ మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా పోయారు. "మొదట్లో అందరి పేర్లూ వేశామమ్మా. తరవాత పేజీ పట్టలేదు. ఊరు వేశాం. చివరికి అంకె వేశాం." కాసేపాగి, "రాయి, నాలుగు లైన్లు ఇస్తాను," అన్నారు. రాశాను. పేజీ కట్టేటప్పుడు ఒక లైను ఎక్కువైందని ఆమె పేరున్న లైను తీశారు.

జూన్‌లో సర్టిఫికెట్ ఇచ్చారు. 'వివిధ అంశాలపై విశేష కృషి చేశారు' అని ఉంది. స్టైపెండ్ మాట అందులో లేదు, బయటా ఎవరూ ఎత్తలేదు. నేను వాడిన ఆటో చార్జీలు, కొబ్బరి నీళ్లు, గ్లూకోజ్ ప్యాకెట్లు అన్నీ అమ్మ డైరీలో రాసి పెట్టింది. ఇంకో కేంద్రం నుంచి వేరే లెక్క తెప్పిద్దామంటే, మా ఇంట్లో రెండో కేంద్రం నాన్న.