ఆగితే తెరుచుకునే అద్దాలు

మొన్న ఆయుధపూజకి మా వీధిలో పదకొండు బండ్లు కడిగి వరసగా నిలబెట్టారు. ఒక్కదానికీ కంపెనీ ఇచ్చిన అద్దాలు లేవు. హ్యాండిల్ రెండు కొసలకీ జూకాల్లాగా గుండ్రటి నల్ల అద్దాలు వేలాడుతున్నాయి. అద్దం అడ్డం మూడంగుళాలు. దాని నడిమధ్యన గంధం, గంధంలో కుంకుమబొట్టు, మీద చామంతి దండ. వెనకొచ్చే లారీ ఇక ఏ సందులోంచి కనబడాలో ఆ చాముండేశ్వరికే తెలియాలి. వారం దాటినా ఎవ్వరూ ఆ బొట్టు తుడవలేదు. అడ్డమనిపిస్తే కదా తుడవడానికి!

హిందూపురంలో మొలిచి, పెనుకొండ మీదుగా ధర్మవరం దాకా పాకిన ఈ బార్ ఎండ్ మిర్రర్ల గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేముంది. మీ ఇంట్లోనూ ఒక జత ఉండే ఉంటుంది. మా ఇంట్లో మా అన్న కొడుకు పుణ్యమా అని రెండు జతలయ్యాయి. రెండోది నా బండికి. ఆ ముచ్చట తర్వాత.

జత ఎంచుకోవడానికి వాడికి ఇరవై రోజులు పట్టింది. వాళ్లక్కకి సంబంధం చూసినప్పుడు కూడా మేం అంత విచారించలేదు. గుండ్రంగా ఉండేవా, కోలగా ఉండేవా? మామూలు అద్దమా, నీలం పూతదా? రబ్బరు బుష్షుతో పైపు లోపల బిగించేదా, క్లాంపుతో బయట పట్టించేదా? మడత పడేదా, పడనిదా? రాత్రి పన్నెండింటికి దుప్పట్లోంచి ఫోను వెలుగు. “ఇన్ని చూశావు కదరా, వెనకొచ్చే బండి దేంట్లో బాగా కనబడుతుందని తేలింది?” అని అడిగాను. “లుక్కు దీంట్లో బాగుంది చిన్నాయనా” అన్నాడు. లుక్కంటే చూపనుకుని, పిల్లవాడికి బుద్ధొచ్చిందని ఒక పూటంతా సంతోషపడ్డాను.

పదేళ్ల కిందట వీళ్ల అన్నలు షోరూమ్ నుంచి బండి తేగానే చేసే మొదటి పని, అద్దాలు విప్పి అటకెక్కించడం. తప్పే. కానీ అందులో ఒక నిజాయితీ ఉండేది. ‘నేను వెనక్కి చూడను, మీ తిప్పలు మీరు పడండి’ అని ఊరికంతా ముందే దండోరా వేసినట్టు. ఇప్పటివాడు పన్నెండు వందలు పోసి మరీ చూడకుండా ఉంటున్నాడు.

అసలు విడ్డూరం మడతలో ఉంది. ఈ అద్దాలు పెడితే బండి అటు బెత్తెడు, ఇటు బెత్తెడు పెరుగుతుంది. మన బజార్లు మాత్రం పెరగలేదు. హిందూపురం మార్కెట్ వైపు చింతపండు బస్తాల ఆటో ఎదురొచ్చిందంటే మామూలు బండే గోడకి ఒదగాలి. మరి ఈ జూకాల బండి ఎట్లా దూరుతుంది? మడుస్తాడు. కుడిది లోపలికి, ఎడమది లోపలికి. చేతులు కట్టుకున్న బడిపిల్లాడిలా ముడుచుకుని బండి దూరిపోతుంది.

ఊరంతా సందులే కాబట్టి ఊరంతా అవి మడిచే ఉంటాయి. ఊరు దాటాక తెరుస్తాడా అంటే, స్పీడులో గాలికి తిరిగిపోతాయట, తెరవడు. మరి తెరిచేదెప్పుడు? టీ బంకు దగ్గర. బండి ఆపి, స్టాండేసి, దిగి, రెండడుగులు వెనక్కి వేసి ఒకసారి చూసుకుని, మళ్లీ దగ్గరికొచ్చి రెండింటినీ రెక్కల్లా విప్పుతాడు. ఫోటో తీస్తాడు. టీ తాగినంతసేపూ అద్దాలు విచ్చుకుని వెనకనున్న గోడని కాపలా కాస్తుంటాయి. గోడ ఎక్కడికీ కదలదు. టీ డబ్బులిచ్చి, అద్దాలు మడిచి, బయల్దేరతాడు.

మడిచిన అద్దంలో ఏం కనబడుతుందో ఒకరోజు వాడి సీటు మీద కూర్చుని చూశాను. ఎడమదాంట్లో పెట్రోలు ట్యాంకు మూత. కుడిదాంట్లో నా చొక్కా మూడో గుండీ. కుట్టిన దారంతో సహా, ఎంత స్పష్టంగానో! అరవై కిలోమీటర్ల వేగంలో మూడో గుండీ ఊడిందా ఉందా అని తెలుసుకునే సౌకర్యం ప్రపంచంలో ఏ బండికీ ఇంతవరకు ఉన్నట్టు లేదు.

కొంచెం ఓపిక పట్టండి, మడత సంగతి ఇంకా అవలేదు. పెనుకొండ పక్కనే ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో సెల్టోస్ కార్లు బయటికి రావడం మొదలైంది. ఖరీదైన రకాల్లో తాళం వేస్తే పక్క అద్దాలు వాటంతటవే ముడుచుకుంటాయి, తీస్తే తెరుచుకుంటాయి. బండి నిలబడితే అద్దంతో పనిలేదు, కదిలితే పనుంది. ఇంత చిన్న సంగతి కొరియావాళ్లు సముద్రాలు దాటొచ్చి మన కొండకింద చేసి చూపిస్తుంటే, ఆ ఫ్యాక్టరీకి షిఫ్టుకి పోయే కుర్రాడే గేటు దాకా అద్దాలు మడిచి పోయి, పార్కింగులో విప్పి, లోపలికెళ్లి అద్దాలు సరిగ్గా ముడుచుకుంటున్నాయో లేదో చూసే పని చేస్తాడేమో! జీతం తిన్నగా పనిచేసే అద్దానికి, మోజు తలకిందులుగా పనిచేసే అద్దానికి.

పార్కింగంటే గుర్తొచ్చింది. విప్పిన అద్దాల బండ్లు రెండు పక్కపక్కన పెడితే పొట్టేళ్లలా కొమ్ములు మెలేసుకుంటాయి. ఒకడు లాగితే ఇంకోడిది గీరుకుంటుంది. “మచ్చా, కనబడలేదా?” “నీదే అడ్డమొచ్చింది మచ్చా!” నాలుగు అద్దాలున్న చోట ఒక్కడికీ ఏమీ కనబడకపోవడం మన జిల్లా ప్రత్యేకత.

ఈ అద్దాలది కెఫే రేసర్ స్టైలట. 1950లు, 60లలో లండన్ కుర్రాళ్లు ఏస్ కెఫే దగ్గర పోగై పందేలు వేసుకునేవాళ్లు. హ్యాండిల్ కిందికి దించి, ట్యాంకు మీద బోర్లా పడుకుని తోలేవాళ్లు. అట్లా పడుకున్నవాడికి కొసల్లో అద్దం ఉంటే లాభమే. మావాడు రాజదర్బారులో కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంటాడు. ఆ అద్దం చూడాలంటే రోడ్డు మీంచి చూపు తీసి మోకాలి దాకా దించాలి. ఇక వీడి కెఫే బస్టాండు పక్కన బంకు. రేసు ఆఖరి వాయి బోండాలు అయిపోకముందు చేరడానికి.

ఇప్పుడు నా బండి సంగతి. నా పుట్టినరోజుకి కానుకంటూ మావాడే తీసుకుపోయి ఒక కొట్లో కూర్చోబెట్టాడు. కొట్టాయన ముందు హ్యాండిల్ కొసల్లో ఉన్న ఇనుప దిమ్మలు విప్పి డబ్బాలోకి గిరాటేశాడు. అవి షోకుకి పెట్టినవి కావయ్యా, ఇంజను వణుకు చేతుల దాకా రాకుండా ఆపే బరువులు అన్నాను. “ఇప్పుడెవరూ పెట్టుకోవట్లేదు సార్” అన్నాడు. పాత అద్దం విప్పిన చోట మర గుంత నోరు తెరుచుకునే ఉండిపోయింది, వాన నీళ్లు తాగడానికి. కొత్త అద్దం రబ్బరు బుష్షు పైపులోకి దూర్చి, ఎలన్ కీతో తిప్పితే లోపల రబ్బరు ఉబ్బి పట్టుకుంది. కుడివైపు మాత్రం అద్దాన్ని గ్రిప్పు అంచుకి ఆనేదాకా అరచేత్తో గుద్ది మరీ బిగించాడు. “గ్యాపుంటే నీటుగా ఉండదు సార్.”

యాక్సిలేటరు గ్రిప్పు తిరిగేది అక్కడే. లేపాక్షిలో వేలాడే స్తంభం కింద మనమంతా తువాలు దూర్చి చూశాం కదా, సరిగ్గా అట్లాంటి సందు ఆ గ్రిప్పుకీ అద్దం మొదలుకీ మధ్య ఉండాలి. తువాలు కాదు, అట్టముక్క దూరితే చాలు. అది లేకపోతే తిప్పిన గ్రిప్పు వెనక్కి రాదు.

రాలేదు. సోమందేపల్లి దాటాక ముందు గొర్రెల మంద కనబడి చెయ్యి వదిలాను. ఇంజను వదల్లేదు. క్లచ్చు పట్టుకుంటే కేకలు పెట్టింది. తాళం తిప్పేసి, బ్రేకు తొక్కి, మట్టిలోకి దిగి ఆగాను. కాళ్లలో వణుకు తగ్గడానికి పదినిమిషాలు పట్టింది. అద్దం వణుకు మాత్రం అంతకుముందు నుంచే ఉంది. దిమ్మలు తీసేశారు కదా, నాలుగో గేరులో వెనకొచ్చే లారీ అమ్మవారు పూనినట్టు ఊగుతోంది. పైగా ఉబ్బెత్తు అద్దం. పక్కకొచ్చిన లారీని ఎక్కడో దూరాన బొమ్మలా చూపిస్తుంది. మావాడికి ఫోన్ చేసి చెబితే ఏమన్నాడో తెలుసా? “అద్దానికేం కాలేదు గదా చిన్నాయనా?”

నేను ఆగిన రోడ్డు 44వ నంబరు జాతీయ రహదారిరా. ఒకవైపు బెంగళూరు, ఒకవైపు హైదరాబాదు. రాత్రీ పగలూ కంటైనర్లు, వోల్వోలు, కార్లు మోసే పొడుగాటి ట్రెయిలర్లు. నడుమ డివైడరు తెగిన ప్రతిచోటా ఒక పల్లె, ఆ పల్లెలోంచి వచ్చే ప్రతి కుర్రాడూ రోడ్డుకి అడ్డంగా తిరగాలి. తిరిగేముందు వెనక చూడాలి. ఎందులో చూస్తాడు? మూడో గుండీలోనా? బండి కొనిచ్చింది వాయిదాల మీద. ఆ వాయిదా కట్టేది వాళ్లమ్మ కూలి డబ్బుతో. ఆ డబ్బుతో చూపు కొనుక్కోమంటే గుడ్డితనం కొనుక్కొచ్చి, దానికి స్టైలని పేరు. బిగించే కొట్టాయనకి సందు వదలాలని తెలుసు, నేను అడిగితే చెప్పాడు కూడా. “కస్టమర్ నీటుగా కావాలంటాడు సార్, నేనేం చేసేది?” నీటుగా చంపమంటే చంపుతావా? నాకు ఇందులో నవ్వు రావట్లేదు. ఈ మధ్య రావడం మానేసింది.

చెక్కింగులో ఆపితే అద్దాలున్నాయా అని చూస్తారు. ఉన్నాయి. మడిచి ఉన్నాయి. పొమ్మంటారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా అంది. అయినా సైలెన్సర్లు కోయించుకుని పెనుకొండ మీదుగా పోతున్న మోతకి అక్కడి కుంభకర్ణుడి బొమ్మ ఇంకా ఎందుకు లేవలేదో నాకైతే అర్థం కాదు.

ఇక ధర్మవరం. దేశమంతా పెళ్లిళ్లకి చీరలు పంపే ఊళ్లో మనవాళ్లు బండికి మొదట పీకేది చీర గార్డు! 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది ఉంది, వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చిక్కకుండా చక్రం సగమైనా కప్పి ఉంచాలని. చక్రం నీటుగా కనబడదని అది తీసేశారు. అది చాలనట్టు ఇప్పుడు ఈ కొక్కేలు. ఆమధ్య ఒక చీరల కొట్టు మెట్లు దిగుతున్న ఆమె కొంగు, అడ్డంగా ఆపిన బండి అద్దం మెడకి తగులుకుంది. ఆమె రెండడుగులు వేశాక తెలిసింది. జరీ అంచు జానెడు మేర పోగులు లేచింది. ఎవరో మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని రోజుల తరబడి నేసింది. కుర్రాడు టీ గ్లాసు పక్కన పెట్టి పరిగెత్తుకొచ్చాడు. వచ్చి అద్దం పట్టుకున్నాడు. అటూ ఇటూ తిప్పి, చొక్కా అంచుతో తుడిచి, “చూసుకోవాల గదక్కా, లూజైపోయింది” అన్నాడు.

అద్దం చెడ్డదని నేననను. మామూలు అద్దాల్లో సగం మన మోచేతులే కనబడతాయి, నిజమే. 2023లో వచ్చిన ట్రయంఫ్ స్పీడ్ 400కి కంపెనీయే కొసల్లో అద్దాలు పెట్టి అమ్ముతోంది. వాటికి తగ్గ హ్యాండిలు, తగ్గ బిగింపు చూసుకుని పెట్టినవి. దాన్ని తోలేవాడు వాటిని మడిచి తిరిగితే అది వేరే సంగతి, అక్కడ ఇంజనీరు కూడా ఏం చేయలేడు.

నా బండికి పాత అద్దాలే మళ్లీ పెట్టించుకున్నాను. దిమ్మలు అడిగితే కొట్టాయన డబ్బా వెతికి వేరే బండివి రెండిచ్చాడు. మావాడు ఇప్పుడు నా వెనక ఎక్కడు, పరువు పోతుందట. వాడి బండివి తీసిన కంపెనీ అద్దాలు ఇంట్లోనే ఉన్నాయి. ఒకదాన్ని మా అన్న పెరట్లో కిటికీ ఊచకి తీగతో కట్టుకుని రోజూ గడ్డం గీసుకుంటున్నాడు. నిన్న పొద్దున నురగ పూసుకుని కత్తి మీసం దగ్గర పెట్టి ఉన్నాడు. వెనకాల మావాడు చెప్పులు చేత పట్టుకుని, ఇంజను స్టార్ట్ చేయకుండా బండిని మెల్లగా గేటు వైపు తోసుకుపోతున్నాడు.

“యాడికిరా?” అన్నాడు మా అన్న, వెనక్కి తిరక్కుండానే.