కంపెనీ దొరలకు కుడతిని దండాలు

ఓ కంపెనీ దొరలారా, బళ్లారి దగ్గరి కుడతిని నుంచి దండాలు! మా ఊరికి సముద్రం లేకపోవడం మా ఖర్మ. ఉండుంటే 1800 దాకా మమ్మల్ని ఇలా అనాథల్లా వదిలేసేవారా? బందరువాళ్లది అదృష్టం. 1605లో వలందావారు (అదే, డచ్చివారు), 1611లో ఇంగ్లీషువారు, 1669లో పరాసులు వరసగా కోఠీలు తెరిచారు. పోతూ పోతూ ఏం పట్టుకెళ్లారో అడగను గానీ వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అని మూడు పేర్లు మాత్రం ఉదారంగా వదిలిపోయారు.

మీ కళాపోషణ చెప్పనలవి కాదు. పాలకొల్లులో, ద్రాక్షారామంలో బయానా మగ్గం దగ్గరికే నడిచొచ్చేది. ఇక గుడ్డ దిగేదాకా ఇంకొకరికి అమ్ముకునే శ్రమ నేతగాడికి ఉండేది కాదు. అందులో ఒక రకం గినీ గుడ్డ. అది ఆమ్‌స్టర్‌డామ్ వేలంపాట చూసుకుని ఆఫ్రికా పడమటి తీరం చేరేది. బుడతకీచులు 1482లో కట్టిన ఎల్మినా కోటను వలందావారు 1637లో లాక్కుని, మన బట్టలిచ్చి అక్కడ మనుషుల్ని కొన్నారు. తను నేసిన పంచె ఎవరి మెడకు ఖరీదు కట్టిందో తెలిసి గోదావరి నేతగాడు నొచ్చుకోకుండా ఎంత గుట్టుగా నడిపారండీ!

భక్తిలోనూ మీకు సాటి లేరు. అదే తీరంలో ఇంగ్లీషువారి కేప్ కోస్ట్ కోటలో నేలమాళిగ నిండా బందీలు, వాళ్ల నెత్తిమీదే ప్రార్థనామందిరం. పాపం చేసిన చోటునుంచి పుణ్యానికి పట్టుమని పది మెట్లు. దేవుడికైనా వెతుక్కునే పని తప్పింది.

ఇదంతా పరాయివాళ్లకే చేశారు, మనవాళ్లను పట్టించుకోలేదు అంటే కళ్లు పోతాయి. 1613లో వలందావారు ప్రళయకావేరి (పులికాట్) దగ్గర జెల్డ్రియా కోట కట్టారా, కరువొచ్చి కన్నవాళ్లు బిడ్డల్ని అమ్ముకుంటుంటే కాదనకుండా కొని బటావియా ఓడ ఎక్కించారు. పిడికెడు మెతుకుల కోసం అంత దూరం తీసుకుపోయిన అన్నదాతలు ఇంకెక్కడ దొరుకుతారు?

మా వంతు ఆలస్యమైనా ఘనంగానే వచ్చింది. నిజాముగారికి కాపలాగా ఇంగ్లీషువారు దండును పెట్టారు. దాని జీతం కింద ఆయన 1800లో మమ్మల్నే రాసిచ్చేశాడు. తీరంలో కోటలు కట్టుకోవడానికి మీకెంత ఖర్చయిందో గానీ, బళ్లారి కొండ మీద హైదర్ అలీ అన్నీ అమర్చి పోయాడు. కలెక్టరు మన్రో దొర వచ్చి చేను చేనూ కొలిపించి శిస్తు కట్టాడు. గుడ్డ మొయ్యక్కర్లేదు, ఓడ నడపక్కర్లేదు, మనిషిని గొలుసుతో కట్టనూ అక్కర్లేదు. వాడి చేనులోనే వాణ్ణి ఉంచి ఏటేటా వసూలు చేసుకోవచ్చు. ఎల్మినాలో అన్నేళ్లు ఉక్కలో కూర్చున్నవాళ్లకు ఇంత తేలిక ఉపాయం తట్టలేదు, పాపం.