ఎరంగెల్‌లో ఫారో, బొంగులూరులో రోము

బొంగులూరు గేటు దగ్గర చాయ్ హోటల్లో నలుగురు పిల్లలు ఫోన్ల మీద వంగి యుద్ధం చేస్తున్నారు. ఒకడికి ఒళ్లు మండింది.

"గడ్డిల దాక్కున్నోడు గట్ల బంగారమోలె మెరుస్తుండేందిరా? లడాయికి ఎవడన్న పెండ్లి బట్టలేస్కొని పోతడా?"

"పైసలు పెట్టి కొన్నడు మరి. నీకు కనపడొద్దా?"

రెండోవాడు సగం అర్థశాస్త్రం చెప్పేశాడు. వాళ్లాడే పబ్జీలోని ఎరంగెల్ దీవి సోవియట్ సైన్యం వదిలేసి పోయిన చోటు. అంతా తుప్పు, బూడిద రంగు, కూలిన గోడలు. అందులో ఈజిప్టు ఫారో కవచమేసుకొని ఒకడు బోర్లా పాకుతుంటాడు. పరిసరాలకు నప్పే చొక్కా అయితే కళ్లకు ఆనదు, ఆనని చొక్కాకు డబ్బెవడు పెడతాడు?

2007లో వచ్చిన టీమ్ ఫోర్ట్రెస్ 2 అనే ఆటలో తొమ్మిదిమంది యోధులను నీడ చూసి గుర్తుపట్టేలా గీశారు. అంత కష్టపడ్డవాళ్లే 2009లో టోపీలు మొదలుపెట్టారు. కొన్నాళ్లకు నెత్తిమీద మంటలు లేచే టోపీలూ దిగాయి. నీడ సంగతి దేవుడెరుగు.

నీడల విద్య మనకేం కొత్త కాదు. తోలుబొమ్మలాటలో రామరావణ యుద్ధం మధ్యలోకి కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు జొరబడి బూతుల దాకా పోతారు. రామాయణంలో వీళ్లకేం పని అని ఎవరూ లేచిపోలేదు. వాళ్లదీ అదే తోలు, అదే దీపం. పైగా కేతిగాణ్ణి చూడ్డానికి వేరే టికెట్ లేదు.

పిల్లల్ని మందలిద్దామని నోరు తెరిచి, రోడ్డు అవతలికి చూసి మూసుకున్నాను. కందిచేను మొదట్లో రోము స్తంభాల కమాను, దానిపైన రెక్కల గుర్రాలు. వెనకాల ప్లాట్లకని పాతిన రాళ్లు తప్ప ఇల్లన్నది లేదు. నీడకని స్తంభానికి ఒరిగిన మేక ఒక్కటే అక్కడ సహజంగా ఉంది. అవుటర్ రింగు రోడ్డు పన్నెండో ఎగ్జిట్ దిగినవాళ్లు ముందు ఆ గుర్రాలను చూస్తారట. వెంచరు కుర్రాడు నన్ను కొనేవాణ్ణనుకొని కరపత్రం చేతిలో పెట్టాడు.

"ఈ గుర్రాలెందుకు బాబూ?"

"ఆర్చి ఉంటే గజం రేటే వేరు సార్."

"మోరీలు?"

"అవి సెకండ్ ఫేజు సార్."