‘డెల్ చిట్టా’కు టీకాతాత్పర్యము

అవతారిక: ఇది పైథాను భాషలోని చతుష్పాది. కవి ఒకానొక ప్రోగ్రామరు. పేర్లు తెలుగులో నుండుట వ్యాకరణవిరుద్ధము కాదు. 2008లో వెలువడిన పైథాన్ 3 మన లిపిలోని పేర్లను సమ్మతించినది.

మూలము:

చిట్టా = ఓపెన్("పద్దు.టెక్స్ట్", "డబ్ల్యు")
నకలు = చిట్టా
నకలు.రైట్("బాకీ 500")
డెల్ చిట్టా

ప్రతిపదార్థము: ఓపెన్ = తెరువబడినట్టియు; "పద్దు.టెక్స్ట్" = పద్దు అను పేరుగల ఫైలునకు చెందినట్టియు; "డబ్ల్యు" = వ్రాయుటకై (పాత వ్రాతను తుడిచివేసి యనుట) ఏర్పడిన వస్తువునకు; చిట్టా = చిట్టా యను పేరును తగిలించి; నకలు = నకలు అను రెండవ పేరును; చిట్టా = ఆ వస్తువునకే తగిలించి; నకలు.రైట్ = రెండవ పేరుతో పిలిచి వ్రాయించి; "బాకీ 500" = ఐదువందల అప్పును; డెల్ = చెరిపెను; చిట్టా = మొదటి పేరును.

తాత్పర్యము: కవి ఫైలు తెరచి, ఒక్క వస్తువునకు రెండు పేర్లు పెట్టి, అప్పు వ్రాసి, ఒక పేరు చెరిపి, ప్రాంప్టును అట్లే వదలి టీకి వెళ్ళెను. ఫైలు మూతపడలేదు. ఐదువందలు బఫరులోనే యున్నవి. డిస్కు మీద ఫైలు ఖాళీ. అప్పుపడినవాడు సుఖముగా నున్నాడు.

శంక: డెల్ అనగా తొలగింపే కదా, వస్తువేల నశింపలేదు?

సమాధానము: డెల్ పేరును చెరుపును, వస్తువు జోలికి పోదు. సి భాషలో వ్రాయబడిన ప్రధాన పైథానులో, అనగా సీపైథానులో, ప్రతి వస్తువు తన్ను పట్టుకొనియున్నవారి లెక్కను తనలోనే మోయును. పేరు తగిలిన ఒకటి పెరుగును, ఊడిన ఒకటి తరుగును. ఇచ్చట రెండు ఒకటైనది. సున్న అయిన క్షణముననే మరణము. ఫైలు మూతయు నప్పుడే.

శంక: అట్లైన ‘డెల్ నకలు’ అనిన చాలునా?

సమాధానము: చాలును, వేరెవరును పట్టుకొననిచో. ప్రాంప్టు వద్ద ఊరక ‘నకలు’ అని కొట్టి ఎంటరు నొక్కియున్నచో, చివరగా చూపిన విలువను దాచు అడ్డగీత యను పేరు ఆ వస్తువును పట్టుకొని యుండును. లెక్క తెలియగోరి ‘గెట్‌రెఫ్‌కౌంట్’ను అడిగిన నది సాధారణముగా ఒకటి యెక్కువ చెప్పును, అడుగుటకై చేతికిచ్చుటయు పట్టుకొనుటయే కదా.

విశేషములు: రెండు వస్తువులు ఒకదాని నొకటి పట్టుకొన్నచో లెక్క యెన్నటికి సున్న కాదు. తార్కికులు దీనిని అన్యోన్యాశ్రయదోష మందురు. ఈ చక్రములను వెదకి తొలగించు యంత్రము 2000లో పైథాన్ 2.0తో వచ్చెను. అయినను ‘__డెల్__’ అను (పై డెల్ వాక్యము కాదు) అంత్యక్రియాపద్ధతిని తామే వ్రాసికొన్న వస్తువులు చక్రమున జిక్కినచో, ఎవరి క్రియ ముందో తేల్పలేక వాటిని ‘గార్బేజ్’ అను పట్టికలో ఆ యంత్రము పడవేసెడిది. 2014లో పైథాన్ 3.4 ఆ చిక్కు విప్పెను. ఇట్టి లెక్కతోనే నడచు పెర్ల్ భాషకు చక్రములను వెదకు యంత్రమే లేదు. ఒక పట్టును ‘వీకెన్’తో బలహీనపరచుట ప్రోగ్రామరు పని.

2023 నాటి పైథాన్ 3.12 నుండి నన్, ట్రూ, ఫాల్స్ అను విలువలు చిరంజీవులు. ఎందరు పట్టుకొన్నను, విడిచినను వాటి లెక్క కదలదు.

పాఠాంతరము: పైపై అను మరొక పైథానులో ఈ లెక్కయే లేదు. అచట చివరి పేరు చెరిపినను మరణము తనకు వీలైనప్పుడు వచ్చును.

ఫలశ్రుతి: వస్తువు చచ్చునప్పుడు ఫైలు మూతపడునని నమ్మి వ్రాసిన కార్యక్రమము నేడు నడచి రేపు ముంచును. మూయవలసినదానిని ‘విత్’ దిమ్మెలో తెరువుడు. దిమ్మె దాటగానే, నడుమ తప్పు దొర్లినను, అది మూతపడును. డెల్‌ను పేరు చెరుపుటకే వాడుడు.