కురిడీ పద్యము: టీకా తాత్పర్య సహితము

మూలము:

ఆ. కోడు రాయువాడు కుర్చీని కోరుచు
నెంబియేను కొనియె నింటిమీద
నప్పు చేసి, కాయ యటకపై నుండక
కురిడి యగునె చెపుమ కొత్తపేట!

అవతారిక: హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే రాజోలు కుర్రవాడొకడు సంక్రాంతికి ఇంటికొచ్చాడు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసుకుని కొత్తపేటలో కొబ్బరి వ్యాపారం చేసే మేనమామ ఇంటికి వెళ్లాడు. “ఎనిమిదేళ్లుగా కోడే రాస్తున్నాను మావయ్యా! ఎంబీఏ చేస్తే మేనేజర్నవుతానంటావా?” అని అడిగాడు. మావయ్య బదులు చెప్పలేదు, అటకకేసి చూశాడు. ఆ చూపునకు ఛందస్సు కట్టగా ఈ పద్యమైంది.

ప్రతిపదార్థము: కోడు రాయువాడు = కంప్యూటరుకు అర్థమయ్యేటట్టు రాసి, ఆర్నెల్లకు తనకే అర్థం కాక తల పట్టుకొనువాడు; కుర్చీని = ఎదుట నిలబడి నలుగురు సెలవు అడిగెడు మేనేజరు పీఠమును; కోరుచున్ = ప్రతి అప్రైజలుకూ తలచుకొనుచు; ఇంటిమీదన్ = నాన్నగారు కట్టించిన డాబా మీద; అప్పు చేసి = ఈఎంఐ కుదుర్చుకొని; ఎంబియేను = ఆ పేరుగల పట్టాను; కొనియెన్ = పొందెను; కాయ = కొబ్బరికాయ; అటకపైన్ = ఇంటి అటక మీద; ఉండక = నెలల తరబడి ఓర్చుకొనక; కురిడి = కురిడీ కొబ్బరి; అగునె = అవుతుందా? (కాదని భావం); చెపుమ = చెప్పుము; కొత్తపేట = ఓ కొత్తపేట మావయ్యా! (మనిషిని ఊరి పేరుతో పిలవడం వాడుకలో ఉన్నదే.)

విశేషములు: ‘చదివెను’ అనక ‘కొనియెను’ అనడంలో కవి గడుసుదనం ఉంది. కోడు, కుర్చీ, ఎంబీఏ మూడూ అన్యదేశ్యాలు. అప్పు మాత్రం అచ్చతెలుగు. ‘ఇంటిమీద’ అన్నచోట ‘చెరువుమీద’ అని రాజోలు ప్రాంతపు పాఠాంతరం. గణం సరిపోయినా యతి చెడుతుంది. పైగా వాళ్ల రొయ్యల చెరువు మీద మేత కొట్టులో అప్పు ముందే ఉంది. కనుక పాఠాంతరం త్యాజ్యం.

అలంకారము: దృష్టాంతము. కుర్రవాడికి కాయ, కుర్చీకి కురిడీ, అనుభవానికి అటక ప్రతిబింబాలు. కురిడీ అంటే కాయను పగలగొట్టకుండా అటక మీద ఎనిమిది నుంచి పన్నెండు నెలలు ఉంచితే లోపలి నీరు తనంతట తానే ఇంకిపోయి, కొబ్బరి చిప్పను వదిలి గుండుగా మిగిలేది. ఊపితే గలగలమంటుంది. తొందరపడి పగలగొట్టి ఎండబెడితే వచ్చేది చిప్పకొబ్బరి. దానికీ గిరాకీ ఉంది, నూనెకు పోతుంది. కాని కురిడీ అనిపించుకోదు.

పూర్వపక్షము: “సత్య నాదెళ్ల 1997లో షికాగో విశ్వవిద్యాలయంలో ఎంబీఏ పూర్తిచేశాడు, మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యాడు. ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివిన శంతను నారాయణ్ బర్క్‌లీలో ఎంబీఏ చేశాడు, 2007లో అడోబీ సీఈఓ అయ్యాడు. ఇద్దరూ హైదరాబాదు వాళ్లే. కాబట్టి ఎంబీఏయే నిచ్చెన” అంటే,

సమాధానము: తేదీలు చూడాలి. నాదెళ్ల మైక్రోసాఫ్ట్‌లో చేరింది 1992లో. ఉద్యోగం మానకుండానే వారాంతాల్లో విమానమెక్కి షికాగో వెళ్లి చదువుకున్నాడు. పట్టా చేతికొచ్చాక సీఈఓ కుర్చీ దక్కింది 2014లో, అంటే పదిహేడేళ్ల అటక. ఇక రాజోలు నుంచి వశిష్ఠ గోదావరి పాయ దాటితే పశ్చిమ గోదావరి. ఆ జిల్లాలో పుట్టిన అరవింద్ కృష్ణ కాన్పూరు ఐఐటీలో చదివి, ఇల్లినాయిలో పీహెచ్‌డీ చేసి, 1990లో ఐబీఎంలో చేరి, 2020లో దాని సీఈఓ అయ్యాడు. ఎంబీఏ లేదు, ముప్పై ఏళ్ల అటక ఉంది. ఎంబీఏ ఉన్నచోటా కుర్చీ కనబడుతోంది, లేనిచోటా కనబడుతోంది. అటక లేనిచోట మాత్రం కనబడదు. తర్కశాస్త్రం చదివినవాడు కారణమేదో చెప్పగలడు. సొంత కంపెనీ పెట్టినవాడు తన కుర్చీ తానే చేయించుకుంటాడు గనుక లెక్కలోకి రాడు.

మరల పూర్వపక్షము: “గూగుల్ ‘ప్రాజెక్ట్ ఆక్సిజన్’ పేరుతో తన మేనేజర్లను పరిశీలించి మంచి మేనేజరుకు ఎనిమిది లక్షణాలు చెప్పింది. అందులో సాంకేతిక జ్ఞానం చిట్టచివరిది. కోడు చివరిదైతే ఎంబీఏ మొదటిది కావాలి కదా?”

సమాధానము: కాదు. మొదటిది మంచి శిక్షకుడై ఉండటం. కింద పనిచేసేవాడి తప్పు వాడికి నొప్పి తగలకుండా చెప్పడం, క్లయింటు దగ్గర తిట్లు తాను తిని మెప్పు టీముకు పంచడం. ఇవి తరగతి గదిలో వింటే పాఠాలు, రాత్రి రెండింటికి సర్వరు పడిపోయినప్పుడు చేస్తే విద్యలు.

మరి ఎంబీఏ వ్యర్థమా? అలా అనరాదు. కురిడీ అయిన కాయను కూడా అంబాజీపేట కొబ్బరి మార్కెట్టుకు చేర్చాలి. అక్కడే గండేరా రకమేదో, గటగట రకమేదో తేల్చి ధర కడతారు. కోడు వదిలి ప్రోడక్టు, కన్సల్టింగు, ఫైనాన్సు వైపు దారి మళ్లేవాడికి ఎంబీఏ అటువంటి రోడ్డు. హైదరాబాదులో 2001లో మొదలైన ఐఎస్‌బీ ప్రధాన కోర్సు ఉద్యోగం చేసి వచ్చినవారికి ఏడాదిలో ముగుస్తుంది. 2015లో వచ్చిన విశాఖ ఐఐఎంలో రెండేళ్ల చదువుకు అనుభవం లేనివారూ చేరవచ్చు. మొదటిది అటక దిగిన కాయను అడుగుతుంది, రెండోది నీటికాయకూ తలుపు తీస్తుంది. ఉన్న కంపెనీలోనే, ఉన్న టీముకే మేనేజరు కావాలనుకునేవాడికి మాత్రం రెండూ చుట్టుదారులే. అతడు ముందు ఇద్దరు కొత్తవాళ్లకు పని నేర్పి, ఒక రిలీజు బాధ్యత నెత్తిన వేసుకుని, ఇంటర్వ్యూలు చేయడానికి చేయెత్తాలి.

తాత్పర్యము: పట్టా మనిషిని మేనేజరు చేయదు. అయినవాడికి ధర కట్టించగలదు. ముందు అటక, తర్వాత మార్కెట్టు. వరుస తప్పితే మిగిలేది అప్పు.

ఫలశ్రుతి: లోను కాగితం మీద సంతకం పెట్టబోయే ముందు ఈ పద్యాన్ని ముమ్మారు పఠించినవాడికి కుర్చీ వస్తుందో రాదో గాని, డాబా మాత్రం దక్కుతుంది.