డ్యూటీ దిగని మావగారు

మా మావగారు అమెరికా వచ్చిన మర్నాడు పొద్దున్నే నాలుగింటికి వాకిట్లో నిలబడి, చెవి రిక్కించి, "పడమటగా లైనుందండీ అల్లుడుగారూ. సింగిల్ లైను," అన్నారు.

శాన్ డియేగోలో పదకొండేళ్ళుగా ఉంటున్నాను. డెల్ మార్ దగ్గర సముద్రం ఒడ్డునే రైలు పోతుందని తెలుసు గానీ అది ఒంటిలైనని నాకు తెలీదు. ఎలా కనిపెట్టారన్నాను. "నిద్రెక్కడిదండీ, రాత్రంతా విన్నాను. ఎదురుబళ్ళు ఒక్కసారి కూడా ఇక్కడ కలవలేదు," అన్నారు. వెనక నుంచి మా అత్తగారు కాఫీ గ్లాసు అందిస్తూ, "ఈయన జీతానికి రిటైరయ్యారు బాబూ, డ్యూటీకి కాదు," అంది.

ఇలాంటివారు మీ ఇంట్లోనూ ఒకరు ఉండే ఉంటారు. శుభలేఖ ఇస్తే ముహూర్తం చూడకుండా అచ్చుతప్పులు దిద్దే రిటైర్డ్ హెడ్మాస్టరు, తద్దినం బ్రాహ్మడికిచ్చే దక్షిణ కూడా రెండుసార్లు లెక్కపెట్టే రిటైర్డ్ బ్యాంకు మేనేజరు, ఆ కోవ. మా వాటాకి వచ్చింది రైల్వే. బాపట్ల, చీరాల వైపు పి.డబ్ల్యు.ఐ.గా చేశారు, అంటే పట్టాలూ స్లీపర్లూ కంకరా చూసుకునే ఇన్‌స్పెక్టరు. ఆ ఉద్యోగానికి తర్వాత్తర్వాత సీనియర్ సెక్షన్ ఇంజినీరని పేరు మార్చారు. ఆయన ఆ మార్పుని ఇప్పటికీ మంజూరు చెయ్యలేదు.

ఆయన భాషకి అలవాటుపడ్డానికి మాకు నెల పట్టింది. స్నానాల గది ఖాళీగా ఉంటే 'లైన్ క్లియర్'. అత్తగారికి కోపం వచ్చిన రోజున వంటింటి వైపు 'కాషన్ ఆర్డర్', నెమ్మదిగా పోవాలి. మనవడు నిద్రపోతుంటే 'బ్లాక్ తీసుకున్నాడు', అటు ఏ బండీ పోకూడదు. నడక సంగతి సరేసరి. మన బ్రాడ్‌గేజి మీద కిలోమీటరుకి 1660 స్లీపర్లేస్తే అడుగుకీ అడుగుకీ అరవై సెంటీమీటర్లొస్తుంది. ముప్ఫయ్యారేళ్ళు ఆ కొలతలో నడిచిన కాళ్ళు షాపింగ్ మాల్లో కూడా దాన్ని తప్పవు. పక్కన నడిచేవాడు సగం దూరం పరిగెత్తాలి, సగం దూరం ఆగాలి.

మూడో రోజున పట్టాలు చూపించమన్నారు. తీసుకెళ్ళాను.

డెల్ మార్ నాలుగు వేల మందుండే చిన్న ఊరు. ఇళ్ళ ధరలు మాత్రం పెద్ద ఊళ్ళని చూసి నవ్వుతాయి. ఊరికి పడమటంచున అరవై అడుగుల ఎత్తున మట్టికొండ, దాని అంచున ఒక్క పట్టాల వరస, కింద ఇసుక, ఆ తర్వాత పసిఫిక్. 1910 ప్రాంతంలో లైనుని ఈ కొండ అంచుకి మార్చారు. లాస్ ఏంజిలెస్‌నీ శాన్ డియేగోనీ కలిపే రైలుదారి ఇదొక్కటే. ఆమ్‌ట్రాక్ వారి సర్ఫ్‌లైనరు, లోకల్‌గా తిరిగే కోస్టరు, గూడ్సు బళ్ళు, అన్నీ ఈ అంచు మీద నుంచే పోవాలి. కొండేమో సగటున ఏడాదికి అరడుగు చొప్పున అరిగిపోతోంది. అదీ పద్ధతిగా అరడుగు అరగదు. మూడేళ్ళు నోరు మూసుకుని ఊరుకుంటుంది, నాలుగో ఏడు వాన పడ్డాక ఒక్క పెళ్ళ విరిచి కింద పారేస్తుంది. 2021 ఫిబ్రవరిలో అలాగే పారేసింది.

మావగారు జేబులోంచి టేపు తీసి, నేను వద్దనేలోపు వంగి కొలిచారు. "1435. మనది 1676. 241 మిల్లీమీటర్లు తక్కువండీ," అన్నారు. అగ్రరాజ్యం మీద ఆయనకున్న కాస్త భయమూ ఆ 241 మిల్లీమీటర్లతో పోయింది. తర్వాత కొండ అంచు చూశారు. డెల్ మార్ అంటే స్పానిష్‌లో 'సముద్రానిది' అని చెప్పాను. "మరింకేం, దాని సొమ్ము అది పట్టుకుపోతోంది. మీరెందుకు అడ్డం?" అన్నారు.

అప్పుడే ఆయన కళ్ళ ముందు ఓ కుర్రాడు చంకలో సర్ఫ్‌బోర్డు పెట్టుకుని, వీధి చివర నుంచి వచ్చి, పట్టాలు దాటి, మేక దారంత సన్నటి దారిలో కిందికి దిగిపోయాడు. వాడి వెనక కుక్కతో ఒకావిడ. ఆవిడ వెనక ఓ ముసలాయన, చేతిలో కాఫీ కప్పు, కాళ్ళకి హవాయి చెప్పులు.

మావగారి మొహం చూడాల్సింది! చీరాల కూరగాయల బజారుకి అడ్డదారిన పోయే జనాన్ని ఏళ్ళ తరబడి కేకలేసిన గొంతు ఒక్కసారిగా లేచింది. "ట్రెస్‌పాస్! సెక్షన్ 147! ఆరు నెలల జైలు, లేదా వెయ్యి రూపాయల జరిమానా, లేదా రెండూను!" మన 1989 రైల్వే చట్టం పసిఫిక్ తీరాన వినబడ్డం అదే మొదటిసారి అనుకుంటాను. కాఫీ ముసలాయన వెనక్కి తిరిగి, చెయ్యూపి, "గుడ్ మార్నింగ్" అన్నాడు.

ఆ దారిన దాటడం చట్టప్రకారం తప్పే. పదిహేనో వీధి దగ్గర గేటుంది, అక్కడ దాటాలి. దక్షిణాన టోరీ పైన్స్ దాకా పోతే మళ్ళీ సక్రమమైన దారి. మధ్యలో మైలున్నర పైచిలుకు కొండ మీద కనబడే కాలిబాటలన్నీ జనం తొక్కితొక్కి వేసినవే. ఈ లైను చూసుకునే ప్రభుత్వ రవాణా సంస్థ వాళ్ళు అక్కడ ఆరడుగుల ఇనప జాలీ కంచె వేస్తామన్నారు. ఊరు ఊరంతా లేచింది. తరతరాలుగా నడిచిన దారి, సముద్రం ఎవరి అబ్బసొమ్మూ కాదు, పైగా కంచె గుంజలు పాతితే ఉన్న కొండ కూడా కూలుతుంది, అన్నారు. కాలిఫోర్నియాలో ఈ మాటకి బలం ఉంది. 1972లో జనం ఓట్లేసి మరీ తీరాన్ని కాచే కమిషన్ని తెచ్చుకున్నారు, 1976లో దానికో శాశ్వతమైన చట్టం వచ్చింది. ఆ కమిషనూ ఊరి పక్షమే నిలబడింది. రైల్వే వాళ్ళేమో, మేం ఫెడరల్ చట్టం కింద ఉన్నాం, మీ రాష్ట్రం అనుమతులు మాకు వర్తించవంటూ 2020లో వాషింగ్టన్‌లో రైల్వే తగవులు తీర్చే ఫెడరల్ బోర్డుకెక్కారు.

ఈ చివరి ముక్క చెప్పినప్పుడు మావగారు తొడ చరిచారు. "చూశారా! రైల్వే ఎక్కడైనా సెంట్రలే!"

ఆదివారం మా ఇంటికి నలుగురు తెలుగు స్నేహితులొస్తే కంచె మీదే వాదన. అందరం తీరం జనానిదనే పక్షం. నేనైతే కంచె వద్దన్న అర్జీ మీద సంతకం కూడా పెట్టి ఉన్నాను. మావగారు పప్పులో నెయ్యి కలుపుకుంటూ ఒక్కరే నిలబడి, కాదు, కూర్చుని, మా ఐదుగురితోనూ వాదించారు. కంచె వెయ్యాల్సిందే. ఆరడుగులు చాలదు, ఎనిమిది వెయ్యాలి. మా స్నేహితుడొకడు, "మరీ అంత భయమెందుకండీ, బండి వస్తే కనబడదా?" అన్నాడు.

ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. "కనబడుతుందనే అందరూ అనుకుంటారు బాబూ. తర్వాత ఏరుకునేది మా గ్యాంగు వాళ్ళు. నేను దగ్గరుండి రాయించుకోవాలి, ఎన్నో కిలోమీటరు, ఏ స్తంభం దగ్గర, అని." ఆ తర్వాత ఎవరూ కంచె మాటెత్తలేదు. డెల్ మార్ పట్టాల మీదా మనుషులు పోయారు, అది మా అందరికీ తెలిసిందే. మజ్జిగలోకి వచ్చేదాకా గదిలో చప్పుడు లేదు.

ఇంతటి నిష్ఠాపరుడు కదా, మర్నాటి నుంచీ పొద్దున్నే ఎక్కడికెళ్తున్నట్టు? పదిహేనో వీధి గేటు దగ్గరికి, అని చెప్పేవారు. బస్సెక్కి వెళ్ళేవారు. రెండు వారాల తర్వాత ఓ శనివారం నేనూ సముద్రానికి పోతే, ఆయన పదకొండో వీధి చివర, పట్టాలకి అవతల, ఖాకీ ప్యాంటు మీద నారింజ రంగు జాకెట్టు తొడుక్కుని నిలబడి ఉన్నారు. రోడ్డు పనివాళ్ళు వేసుకుంటారే, అది. హార్డ్‌వేర్ కొట్లో పన్నెండు డాలర్లు పెట్టి కొన్నారట. పట్టాలకి ఇవతల నలుగురు సర్ఫింగు కుర్రాళ్ళు, ఓ కుక్క. ఆయన కుడి చెయ్యి అడ్డంగా చాపి ఉంది. కుర్రాళ్ళు బుద్ధిగా నిలబడ్డారు. కుక్క కూడా. సర్ఫ్‌లైనరు కూత పెట్టుకుంటూ పోయింది. ఆయన గడియారం చూసి, చిన్న పుస్తకంలో ఏదో రాసుకుని, అటూ ఇటూ తిరిగి చూసి, చెయ్యి దించారు. కుర్రాళ్ళు "థాంక్స్ అంకుల్" అంటూ దాటారు.

కంచె ఎనిమిదడుగులుండాలన్న మనిషి, కంచె లేనిచోట గేటు కాస్తున్నారు!

అడిగాను. కొంచెం కూడా తడుముకోలేదు. "మన దగ్గర 2019 జనవరి 31 నాటికల్లా బ్రాడ్‌గేజి మీద కాపలా లేని గేటు ఒక్కటి మిగలకుండా తీసేశామండీ. ఇక్కడ ఇలా వదిలేశారు. చూస్తూ ఊరుకోమంటారా?"

"మరి మీరు పట్టాలు దాటారు కదా. సెక్షన్ 147..."

"డ్యూటీ మీద ఉన్నవాడు ట్రెస్‌పాసర్ కాడు," అన్నారు, నాకు వచ్చే ప్రమోషను పోయినట్టు జాలిగా చూస్తూ.

ఎవరి డ్యూటీ అని అడగాలనిపించింది. అల్లుణ్ణి కదా, నోరు మూసుకున్నాను. ఆ బాకీ ఇదిగో, ఇలా రాసి తీర్చుకుంటున్నాను.

నిజం చెప్పాలంటే, తీర్చుకునే అర్హత నాకూ లేదు. అర్జీ మీద సంతకం పెట్టేటప్పుడు ప్రజల హక్కూ, తీరమూ, తరతరాల దారీ అని చాలా అన్నాను. నా అసలు బాధేమిటంటే, గేటు దాకా నడవాలంటే నాలుగు వీధులు. వెనక్కి రావాలంటే మళ్ళీ నాలుగు. అదంతా బద్ధకం. దానికి రాజ్యాంగం తొడుగు వేశాను. చిన్నప్పుడు మా ఊళ్ళో బడికి టైమైపోతే ఆగి ఉన్న గూడ్సు బండి కింద నుంచి దూరి అవతలికి పోయేవాణ్ణి. పుస్తకాల సంచీ ముందు విసిరేసి, వెనక నేను. గేటు అప్పుడూ నాలుగు వీధుల దూరమే. ఓ ఖాకీ ప్యాంటాయన తిడుతూ వెంటపడేవాడు. అలాంటి ఖాకీ ప్యాంటు ఇంటి అమ్మాయినే చేసుకుంటానని అప్పుడు తెలీదు.

వెళ్ళిపోయే ముందు నెలలో ఆయన దృష్టి గేటు మీద నుంచి కొండ మీదికి మళ్ళింది. ఆ ఏడాదే, 2022లో, లైనుని కొండ అంచు నుంచి తప్పించి లోపలికి జరిపే పనికి రాష్ట్రం ముప్ఫై కోట్ల డాలర్లు కేటాయించింది. ఊరి కింద సొరంగం తవ్వాలని ఆలోచన. మొత్తం ఖర్చు వందల కోట్లలో, తవ్వడానికి ఏళ్ళూ పూళ్ళూ. "అందాకా ఈ కొండ ఆగాలి కదండీ," అంటూ ఆయన అంచుకి కొంచెం ఇవతల ఓ కర్ర పాతారు. దానికి గుర్తుగా గుడ్డ కట్టాలి. ఎర్రది పనికిరాదు, ఎరుపు కనబడితే డ్రైవరు బండి ఆపేస్తాడు. ఆకుపచ్చది అసలే వద్దు. చివరికి మా అత్తగారి పాత చీర నుంచి నెమలికంఠం రంగు పేలిక చింపి కట్టారు. ఆయనకి తెలిసిన ఏ సిగ్నల్లోనూ ఆ రంగు లేదట. కర్ర నుంచి అంచుకి పదకొండడుగుల నాలుగంగుళాలు. పుస్తకంలో తేదీతో సహా రాసుకున్నారు.

బాపట్ల వెళ్ళాక వారం వారం వీడియో కాల్. మనవడెలా ఉన్నాడన్నది రెండో ప్రశ్న. మొదటిది కర్ర గురించి. చూసి చెబుతాననీ, వాన తగ్గనీయండనీ, ఆఫీసులో పని ఉందనీ మూడు నెలలు దాటవేశాను. నాలుగో నెల ఇక తప్పక, ఓ ఆదివారం సాయంత్రం టేపు పట్టుకుని పోయాను. పదిహేనో వీధి గేటు గుర్తొచ్చింది. నాలుగు వీధులు కూడా గుర్తొచ్చాయి. పదకొండో వీధి చివరే దాటాను. ఫోన్లో ఆయన, అక్కడ తెల్లవారుతోంది, చేతిలో కాఫీ గ్లాసు.

పేలిక వెలిసిపోయింది గానీ కర్ర ఉంది. ఒంగి టేపు లాగుతున్నాను. వెనక నుంచి "సర్" అని పిలుపు. చూస్తే యూనిఫారంలో షెరీఫ్ డెప్యూటీ.

ఇది రైల్వే స్థలం, ఇక్కడుండకూడదని తెలుసా, బోర్డు కనబళ్ళేదా, అని మర్యాదగానే అడిగాడు. మా మావగారి కర్ర అని చెప్పబోయాను. నెమలికంఠం పేలిక కేసి ఓసారి, నా చేతిలో టేపు కేసి ఓసారి చూశాడు. ఇంతలో ఫోన్లోంచి, "ఎవరండీ అల్లుడుగారూ? స్టాఫా? ఇటు తిప్పండి," అని వినబడింది. తిప్పాను. ఈ ఒక్కసారైనా పెద్దాయన అడ్డుపడతారని ఆశ.

"ఆఫీసర్, యూ ఆర్ కరెక్ట్," అన్నారు మా మావగారు. "హీ ఈజ్ ట్రెస్‌పాసర్. ప్లీజ్ ఫైన్ హిమ్."

డెప్యూటీ నవ్వాపుకుంటూ పుస్తకం తీశాడు. అతను నా పేరు స్పెల్లింగు మూడోసారి అడుగుతుండగా ఫోన్లో గొంతు తగ్గించి, తెలుగులో:

"అది రాసుకోనివ్వండి గానీ, కొలత ఎంతొచ్చిందండీ?"